లోగన్ వీడ్కోలు అంతగా ఎందుకు పండింది?

మీరు అడిగింది ఇదీ: ఎక్స్-మెన్ సినిమాలు ఒకటో రెండో తప్ప చూడలేదు, అయినా 'లోగన్' చివర్లో ఏడుపు ఆపుకోలేకపోయారు. హీరో చనిపోయే సూపర్‌హీరో సినిమాలు ఇంకా చూశారు గానీ అవేవీ ఇంతగా కదిలించలేదు. ఇందులో ఏం చేశారు? 2024లో అదే నటుడు అదే పాత్రలో మళ్లీ వచ్చాడు కదా, ఈ వీడ్కోలుకు ఇంకా విలువ ఉన్నట్టా? పాతవి ఇప్పుడు చూడాలంటే ఏవి చూడాలి?

నేను స్క్రీన్‌ప్లేలు రాస్తాను. అంతకంటే ఎక్కువగా వేరేవాళ్లు రాసిన డ్రాఫ్టులు చదివి ఎక్కడ పట్టు తప్పిందో చెప్తుంటాను. ఏళ్ల తరబడి నడిచిన పాత్రను ముగించే కథ ఎవరైనా తెస్తే, ముందు ఆ రచయితతో కూర్చుని ఈ సినిమా మళ్లీ చూస్తాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. కథ మొత్తం చెప్పేస్తాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

సూటిగా జవాబు: లోగన్ మొదటి సీన్ నుంచీ చనిపోతూనే ఉంటాడు. క్లైమాక్స్‌లో అతని ప్రాణం పోయినప్పుడు మనకు ఆశ్చర్యం కలగదు, అది వస్తుందని రెండు గంటలుగా తెలుసు. మనం ఊహించనిది ఇంకొకటి ఉంది. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా బతికిన మనిషికి ఆఖరి నిమిషంలో ఒక కూతురు దక్కుతుంది. మీకు ఏడుపు తెప్పించింది అదే. దానికి పాత సినిమాలు తెలిసి ఉండక్కర్లేదు, అందుకే మీకూ పనిచేసింది.

ఇక వివరాల్లోకి వస్తాను.

ఈ పాత్ర మొత్తం నిలబడింది ఒక్క వరం మీద: ఏ గాయమైనా క్షణాల్లో మానిపోతుంది. 1974లో కామిక్స్‌లో పుట్టిన వుల్వరీన్‌ను (లోగన్ అన్నా ఇతనే) హ్యూ జాక్‌మన్ 2000లో మొదటి ఎక్స్-మెన్ సినిమాతో తెరమీదికి తెచ్చాడు. 2017 మార్చిలో లోగన్ విడుదలయ్యేసరికి అదే నటుడు అదే పాత్రను 17 ఏళ్లుగా మోస్తున్నాడు. ఈ మధ్యలో వచ్చిన ప్రతి సినిమాలోనూ ఎన్ని తూటాలు తగిలినా లేచి నిలబడ్డాడు. అలాంటి పాత్రకు ప్రమాదం అనేదే ఉండదు. ప్రమాదం లేనివాడి చావు మీద ప్రేక్షకుడికి నమ్మకం కుదరదు.

దర్శకుడు జేమ్స్ మ్యాన్‌గోల్డ్ మొదటి సీన్‌లోనే ఆ వరం తీసేశాడు. ఏడాది 2029. అమెరికా, మెక్సికో సరిహద్దులో ఎల్ పాసో దగ్గర లోగన్ అద్దెకు లిమోజిన్ నడుపుతుంటాడు. రోడ్డు పక్కన ఆపుకుని అందులోనే నిద్రపోతుంటే దొంగలు చక్రాలు ఊడదీస్తుంటారు. దిగి ఆపబోతే తుపాకీతో కాలుస్తారు. కింద పడతాడు. లేవడానికి కష్టపడతాడు. చేతిలోంచి లోహపు గోళ్లు బయటికి వస్తాయి గానీ ఒకటి సగంలో ఇరుక్కుపోతుంది. తర్వాత వాష్‌రూమ్‌లో నిలబడి దాన్ని చేత్తో లాగి సరిచేసుకుంటాడు. చిన్న అక్షరాలు చదవాలంటే కళ్లజోడు కావాలి. కుంటుతాడు, దగ్గుతాడు, పగలే తాగుతాడు. ఎముకలకు పోసిన అడమాంటియం లోహమే లోపలినుంచి అతన్ని విషంలా తినేస్తోందని తర్వాత ఒక డాక్టర్ మాటల్లో తెలుస్తుంది. కానీ ఆ డాక్టర్ చెప్పక ముందే మనకు అర్థమైపోయి ఉంటుంది.

హీరో ఎంట్రీ అంటే ఎలివేషన్ ఇవ్వడం అందరికీ అలవాటు. ఇక్కడ ఎంట్రీలోనే అతన్ని కిందికి దించారు. దీని లాభం ఏంటంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి ఫైట్‌లోనూ మనకు టెన్షన్ పుడుతుంది. గెలుస్తాడా అన్న టెన్షన్ కంటే, గెలిచినా మళ్లీ లేచి నడవగలడా అన్న టెన్షన్.

అదే పని ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ చార్లెస్ జేవియర్ విషయంలోనూ చేశారు. ప్యాట్రిక్ స్టూవర్ట్ కూడా 2000 నుంచీ ఆ పాత్ర చేస్తున్నవాడే. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన మెదడు ఉన్న మనిషికి మెదడు క్షీణించే జబ్బు వచ్చింది. మూర్ఛ వచ్చినప్పుడల్లా చుట్టుపక్కలవాళ్లందరూ కదల్లేక బిగుసుకుపోతారు, మందు పడకపోతే చచ్చిపోతారు. మూతపడిన ఒక కర్మాగారంలో, పక్కకు ఒరిగిన పెద్ద నీళ్ల ట్యాంకులో ఆయన్ని దాచిపెట్టి లోగన్ మందులు తెచ్చిస్తుంటాడు. ఇద్దరూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు చూసినవాళ్లకు ఆ అరుపులు బాగా తెలుసు. విసుగూ ప్రేమా ఒకే గొంతులో వినిపిస్తాయి.

పాత సినిమాల ముక్కలు ఒక్కటీ వాడలేదు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే వీడ్కోలు కథలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. చేతిలో 17 ఏళ్ల ఫుటేజ్ ఉంది. హీరో చనిపోతుంటే పాత దృశ్యాలు వరసగా వేసి, వెనక మెల్లని సంగీతం పెడితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ కన్నీళ్లు జ్ఞాపకాల మీద వచ్చినవి, ముందున్న సీన్ మీద వచ్చినవి కావు. థియేటర్ దాటాక నిలవవు.

కొంతకాలం కిందట ఒక సిరీస్ ఆఖరి సీజన్ డ్రాఫ్టు చదివాను. మొదటి నుంచీ ఉన్న ఒక పెద్దాయన పాత్ర అందులో చనిపోతుంది. రచయిత ప్రతి ఎపిసోడ్‌లో ఒక ఫ్లాష్‌బ్యాక్, చివర్లో మిగతా పాత్రలన్నీ నిలబడి ఆయన గురించి తలా ఒక మాట చెప్పడం రాశాడు. చదువుతుంటే సంతాప సభలా ఉంది. నేను చెప్పింది ఒకటే: ఆయన రోజూ అలవోకగా చేసే పని ఏదో ఒకటి తీసుకో, మొదటి ఎపిసోడ్‌లోనే అది ఆయన చేతకాకుండా చెయ్యి, ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. ఫ్లాష్‌బ్యాకులన్నీ తీసేశాక మిగిలిన కథ సన్నబడుతుందని అతను భయపడ్డాడు. నిజానికి చిక్కబడింది.

లోగన్‌లో గతం ఎలా వస్తుందో గమనించండి. లారా అనే పిల్ల దగ్గర ఎక్స్-మెన్ కామిక్ పుస్తకాలు ఉంటాయి. తన గురించి అచ్చయిన ఆ కథలు చూసి లోగన్‌కు చిరాకు వస్తుంది. ఇందులో నాలుగో వంతు నిజమేమో, అదీ ఇలా జరగలేదు, నిజం లోకంలో మనుషులు చచ్చిపోతారు అంటాడు. అంటే మనం ఇన్నాళ్లూ చూసిన సాహసాలన్నీ ఈ సినిమాలో పిల్లలు చదువుకునే బొమ్మల కథలైపోయాయి. ఇక వెస్ట్‌చెస్టర్ అనే చోట గతంలో జరిగిన ఘోరం ఉంది. చార్లెస్‌కు వచ్చిన ఒక మూర్ఛ వల్ల సొంత మనుషులే కొందరు చనిపోయారు. ఈ కథలో అంతకంటే పెద్ద విషాదం లేదు. దాన్ని చూపించలేదు. రేడియో వార్తలో ఒకటి రెండు వాక్యాలు, ఆ తర్వాత చార్లెస్ నోట కొన్ని మాటలు, అంతే. ఆ ఖాళీని ప్రేక్షకుడు తన ఊహతో నింపుకుంటాడు, ఆ ఊహ ఏ గ్రాఫిక్స్ కంటే భయంకరంగా ఉంటుంది.

నన్నడిగితే ఈ సినిమాలో అన్నిటికంటే గొప్ప భాగం లోగన్ చావు కాదు, చార్లెస్ చావు. లారాను వెంటబెట్టుకుని పారిపోతుంటే దారిలో ఒక రైతు కుటుంబం వాళ్లకు రాత్రి భోజనం పెట్టి, పడుకోవడానికి చోటిస్తుంది. చాలా కాలానికి బల్ల చుట్టూ కూర్చుని నవ్వుకుంటారు. లోగన్ ముసలాయన్ని ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెడతాడు. తర్వాత చీకట్లో తలుపు దగ్గర లోగన్ కనిపిస్తాడు. ఇంత మంచి రాత్రి చూసి చాలా కాలమైందని, దానికి తను తగనని, వెస్ట్‌చెస్టర్‌లో ఏం చేశానో ఇప్పుడు గుర్తొచ్చిందని చార్లెస్ మనసు విప్పుతాడు. ఎదుటివాడు ఏమీ మాట్లాడడు. గోళ్లు దిగబడతాయి. అది లోగన్ కాదు, అతని రక్తంతో తయారుచేసిన ఎక్స్-24 అనే క్లోన్. జీవితంలో చివరిసారి చెప్పుకున్న తప్పును చార్లెస్ చెప్పుకోవాల్సినవాడికి చెప్పుకోలేకపోయాడు. తనను చంపింది కొడుకులాంటివాడే అనుకుంటూ పోతాడేమో అన్న బాధ మనకు. లోగన్ ఆయన్ని మోసుకుపోతూ అది నేను కాదు, నేను కాదు అని చెప్తూనే ఉంటాడు.

తర్వాత సమాధి. సినిమా మొదట్లో వాళ్లిద్దరి కల ఒకటుంది: సన్‌సీకర్ పడవ ఒకటి కొనుక్కుని, మనుషులకు దూరంగా సముద్రం మీద బతకాలని. చార్లెస్ ఆఖరి మాటల్లో కూడా ఆ పడవే ఉంది. లోగన్ ఆయన్ని ఒక నీటి ఒడ్డున పాతిపెడతాడు. గురువు గురించి నాలుగు మాటలు చెప్పాలని నిలబడతాడు. ఇక్కడ నీళ్లున్నాయి అని మాత్రం అనగలుగుతాడు, అంతకుమించి గొంతు పెగలదు. వెళ్లి పారతో బండిని చితక్కొట్టి, కుప్పకూలిపోతాడు. సముద్రం ఇస్తానన్నవాడు చివరికి ఇవ్వగలిగింది అంత చిన్న నీటి చోటు. రాసేవాళ్లకు చెప్తున్నాను, ఈ సీన్‌లో లోగన్ చేత రెండు పేజీల డైలాగు చెప్పించి ఉంటే అంతా పోయేది. చెప్పడానికి వస్తువు ముందే నాటారు కాబట్టి ఒక్క మాట సరిపోయింది.

ఇక లారా. ల్యాబ్‌లో లోగన్ జన్యువులతో పుట్టించిన పిల్ల. డాఫ్నీ కీన్ అనే చిన్నమ్మాయి చేసింది. సినిమాలో సగానికి పైగా ఆమె నోరు విప్పదు. చార్లెస్ పోయాకే మాట్లాడుతుంది. ఆమెకు లోగన్ చెప్పే మాట ఒకటుంది, నాకు దగ్గరైనవాళ్లకు చెడు జరుగుతుంది అని. అయితే నాకేం కాదులే అంటుంది ఆ పిల్ల. నువ్వు నన్ను దగ్గరివాళ్లలో లెక్కేయలేదు కదా అని దాని అర్థం. పది పన్నెండేళ్ల పిల్ల నోట అంత కోత పెట్టే మాట, ఎక్కడా గొంతు పెంచకుండా.

లోగన్ జేబులో ఒక అడమాంటియం తూటా ఉంటుంది. తనను తాను కాల్చుకోవడానికి దాచుకున్నది. ఆ సంగతి లారాకు చెప్తాడు కూడా. క్లైమాక్స్‌లో అదే తూటాతో లారా ఎక్స్-24 తల పేలుస్తుంది. క్లోన్ పాత్ర కూడా జాక్‌మన్‌దే, కుర్రవాడిగా, కోపం తప్ప ఇంకేమీ లేనివాడిగా. అంటే లోగన్ చంపాలనుకున్న లోగన్ నిజంగానే చచ్చాడు, కానీ చనిపోవాలన్న కోరికతో కాదు, ఒక పిల్లను కాపాడే క్రమంలో. ఈ లెక్క అంత చక్కగా కుదరడం రాతపని. స్కాట్ ఫ్రాంక్, మ్యాన్‌గోల్డ్, మైకేల్ గ్రీన్ కలిసి రాసిన ఈ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సూపర్‌హీరో కామిక్స్ నుంచి తీసిన సినిమాకు రచన విభాగంలో అది మొదటిసారి.

అభిమానులకు ఒక్క చోట పాత వుల్వరీన్‌ను ఇచ్చారు. లారాలాగే ల్యాబ్ నుంచి తప్పించుకున్న పిల్లల్ని అడవిలో పట్టుకుంటున్నారని తెలిసి, కొంచెం కొంచెంగా వాడాల్సిన ఆకుపచ్చ మందు సీసా మొత్తం ఒంట్లోకి ఎక్కించుకుంటాడు. కొద్ది నిమిషాలు పరుగు, అరుపు, ఎగిరి దూకడం, అన్నీ పాతలాగే. తర్వాత మందు దిగిపోతుంది. ఆ దిగిపోవడం చూపించడానికే ముందు ఎక్కించారు. విరిగిన చెట్టు కొమ్మకు గుచ్చుకుని, లారా చేయి పట్టుకుని, వాళ్లు నిన్ను ఎలా తయారుచేశారో అలా ఉండిపోకు అంటాడు. ఆమె నాన్నా అంటుంది. ఓహో, ఇలా ఉంటుందన్నమాట అని ప్రాణం వదులుతాడు. అది చావు గురించి అన్నాడా, నాన్న అనిపించుకోవడం గురించి అన్నాడా అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో రెండోదే. చావు దగ్గరకు వెళ్లి రావడం అతనికి కొత్త కాదు, ఇది కొత్త.

మీరు పాతవి చూడలేదన్నారు కాబట్టి ఒక చిన్న సంగతి. 2000 నాటి మొదటి సినిమాలో రోగ్ అనే టీనేజ్ అమ్మాయి అతని ట్రక్కులో కూర్చుని, ఆ గోళ్లు బయటికి వచ్చినప్పుడు నొప్పి పుడుతుందా అని అడుగుతుంది. ప్రతిసారీ, అంటాడు. అప్పట్లో అదొక మంచి డైలాగ్, అంతే. 17 ఏళ్ల తర్వాత మళ్లీ ఒక బండి, పక్క సీట్లో ఇంకో పిల్ల, ఇప్పుడు ఆ నొప్పి మన కళ్లకు కనిపిస్తుంది. సినిమా మాత్రం ఆ పాత సీన్‌ను గుర్తుచేయదు. గుర్తున్నవాళ్లకు ఇంకో పొర తగులుతుంది, లేనివాళ్లకు లోటుండదు.

ఇదొక్కటే సరైన పద్ధతి అనడం లేదు. 2019లో వచ్చిన 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' టోనీ స్టార్క్‌కు పూర్తిగా వ్యతిరేక దారిలో వీడ్కోలు చెప్పింది. 2008లో మొదటి ఐరన్ మ్యాన్ సినిమా చివర్లో అతను అన్న మాటనే చివరిసారి అనిపించింది, పాత సినిమాల్లోని సంఘటనల్లోకే పాత్రల్ని తిరిగి పంపింది, అంత్యక్రియల్లో అందరినీ వరసగా నిలబెట్టింది. 22 సినిమాల లెక్క తేల్చాల్సిన చోట అది సబబే. కానీ ఆ సినిమాను ఒంటరిగా చూస్తే సగం అర్థం కాదు. మీరు వేరే సినిమాల్లో కదలకపోవడానికి కారణం బహుశా ఇదే. అవి మీకున్న పాత పరిచయం మీద ఆధారపడ్డాయి, ఆ పరిచయం మీకు లేదు.

పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ వల్లే ఇది సాధ్యమైంది అనేవాళ్లున్నారు. నిజమే, కానీ రక్తం కోసం కాదు. పిల్లల బొమ్మలు అమ్మే బాధ్యత లేని సినిమాలో సీన్లు నిదానంగా నడవొచ్చు, ఇద్దరు అలసిపోయిన మనుషులు మందుల గురించి గొడవపడే సీన్‌ను కత్తిరించమని ఎవరూ అడగరు. నాకు ఆ నిదానమే ముఖ్యం.

లోపాలూ ఉన్నాయి. ఆ ల్యాబ్ నడిపే డాక్టర్ రైస్ విలన్‌గా చాలా పలచన, అతని మాటలు కథకు అవసరమైన సమాచారం ఇవ్వడానికే ఉన్నట్టుంటాయి. లారాను ల్యాబ్ నుంచి తప్పించిన నర్సు గాబ్రియేలా ఫోన్‌లో తీసిన వీడియో మరీ తీర్చిదిద్దినట్టు ఉంటుంది, భయంతో దొంగచాటుగా తీసినది అలా ఉండదు. ఆ రైతు కుటుంబాన్ని మొత్తం చంపేయడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. లోగన్ భయం నిజమని చూపించడానికి అంత అవసరమా అని ప్రతిసారీ అనుకుంటాను.

మీ రెండో ప్రశ్న. 2024 నాటి 'డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్' వల్ల ఈ ముగింపు చెడిపోలేదు. కథ ప్రకారం అందులో వచ్చినవాడు వేరే విశ్వంలోని వుల్వరీన్. మనం చూసిన లోగన్ నిజంగానే చనిపోయాడని ఆ సినిమా మొదట్లోనే సమాధి తవ్వి, అస్థిపంజరం చూపించి మరీ ఒప్పుకుంటుంది. ఆ ఎముకల్నే ఆయుధాలుగా వాడి చేసిన ఫైట్ నాకు మింగుడుపడలేదు, థియేటర్లో ఈలలు పడుతుంటే బాధేసింది. కానీ ఎముకలు ఎముకలుగానే మిగిలాయి. లారాగా అదే డాఫ్నీ కీన్ పెద్దదై కనిపించడం మాత్రం నాకు చాలా నచ్చింది.

ఇంకో కోణం కూడా ఉంది. లోగన్ తీసినప్పుడు ఎక్స్-మెన్ సినిమా హక్కులు ఫాక్స్ స్టూడియో దగ్గర ఉండేవి. డిస్నీ ఫాక్స్‌ను కొనడం పూర్తయింది 2019లో. నటుడు ముందే ఇదే నా ఆఖరిది అని చెప్పేశాడు, తర్వాతి భాగానికి దారి వదలాల్సిన ఒత్తిడి ఈ కథ మీద లేదు. అందుకే తలుపు పూర్తిగా మూయగలిగారు. కామిక్స్‌లో అయితే వుల్వరీన్‌ను 2014లో చంపి కొన్నేళ్లకు మళ్లీ తెచ్చారు. ఆ మాధ్యమంలో పాత్రలు ఎప్పటికీ ముగియవు. సినిమాలో నటుడి ఒంటికి వయసొస్తుంది, కాబట్టి ముగింపుకు అర్థం ఉంటుంది. తర్వాత ఎన్ని వచ్చినా ఈ 137 నిమిషాల కథలో ఒక్క ఫ్రేము మారదు.

ఏవి చూడాలి అంటే, అన్నీ అక్కర్లేదు. మొదటి ఎక్స్-మెన్ (2000), దాని తర్వాతి భాగం 'ఎక్స్2' (2003), 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' (2014), ఈ మూడూ చాలు. మూడోదాని చివర్లో లోగన్‌కు ఎంత సుఖమైన ఉదయం దొరుకుతుందో చూసి, ఆ మర్నాడే లోగన్ మళ్లీ చూడండి. 2009 నాటి 'ఆరిజిన్స్' వదిలేయొచ్చు. ఓపిక ఉంటే 1953 నాటి 'షేన్' అనే కౌబాయ్ సినిమా కూడా చూడండి. హోటల్ గదిలో చార్లెస్, లారా టీవీలో చూసేది అదే, చివర్లో లోగన్ సమాధి దగ్గర లారా అప్పజెప్పే మాటలు అందులోవే. లోగన్‌కు బ్లాక్ అండ్ వైట్ వెర్షన్ కూడా 2017లోనే వచ్చింది, కానీ ఇప్పుడు మళ్లీ చూసేటప్పుడు రంగులదే పెట్టుకోండి. ఆ ఎండ, దుమ్ము, చివర్లో అడవి పచ్చదనం కథలో భాగం.